పాటకి కులం లేదట

ఈ వరుసలో ఇది 23వది. కాస్త పొడుగే. పరీక్షలున్న పిల్లలు దాచుకుని తర్వాత చదవండి.

పోయిన శనివారం రాత్రి నేనొక రాక్ కాన్సర్ట్‌కి వెళ్ళొచ్చాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. తెలుగులో పీహెచ్‌డీ చేసి క్లాసులో మనుచరిత్ర చెప్పుకునే మనిషికి రాక్ ఏంటని మా స్టాఫ్‌రూంలో ఇప్పటికే నవ్వేశారు.

హైదరాబాద్ శివారు. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఎకరాలకెకరాలు చదును చేసి వదిలేసిన జాగా. సాయంత్రం ఆరయినా నేల సెగ కక్కుతూనే ఉంది. నాతో మా డిగ్రీ పిల్లలు ముగ్గురు. టికెట్ 2,499 రూపాయలు. స్టేజీకి దగ్గరగా, బారికేడ్ లోపలికి వెళ్ళాలంటే ఇంకో మూడు వేలు. మేం వెనకే నిలబడ్డాం. వెనక నిలబడటం మనకి కొత్తేం కాదు కదా.

కనుచూపు మేర తలలే. మెడలో కంపెనీ కార్డులు తీయకుండానే వచ్చేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, బుర్ఖాలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, మణిపూర్ పిల్లలు, ఆఫ్రికా నుంచి ఇక్కడికి చదువుకోడానికి వచ్చినవాళ్ళు, మనవడిని భుజాల మీద ఎక్కించుకున్న ఒక తాతగారు. దుమ్ము లేచి గొంతు పట్టేస్తే ముక్కూ మొహం తెలియని అమ్మాయి తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. ఎంగిలి చూడలేదు, నేనూ చూడలేదు. బేస్ గిటార్ మోగుతుంటే గుండె మీద ఎవరో అరచేత్తో తడుతున్నట్టుంది. నిజం చెప్పాలంటే నేను ఎగిరాను. చెప్పులు చేత్తో పట్టుకుని మరీ ఎగిరాను.

తిరిగి వచ్చేటప్పుడు మావాడు ఒకడు ఒక మాట అన్నాడు. వాడి పేరు రాయను, హాస్టల్లో ఇబ్బంది అవుతుంది. "మేడం, మూడు గంటలు. మూడు గంటల్లో నన్నెవరూ ఏ ఊరు, ఏ బజారు, ఇంటిపేరేంటి అని అడగలేదు. పక్కోడు నా భుజం మీద చెయ్యేసి పాడాడు. మీరు రేపు దీని మీద ఏదో రాస్తారు. ఈ మాట కూడా రాయండి."

రాశాన్రా నాన్నా. ఈ వ్యాసంలో ముందు రాయాల్సిన మాట నీదే.

ఇంటిపేరు వినగానే ఎదుటివాడి మొహంలో మారే ఆ చిన్న మార్పుని ఇరవై ఏళ్ళుగా చూస్తున్న పిల్లాడికి, ఎవరూ ఏమీ అడగని మూడు గంటలు ఎంత ఖరీదో నాకు తెలుసు. 2,499 చవక. అందుకే నాకు కాన్సర్ట్ మీద కోపం లేదు. నా గొడవ ఆదివారం పొద్దున మా సీనియర్ సారొకాయన పెట్టిన పోస్టుతో.

ఆయనా అదే రాత్రి అక్కడే ఉన్నారట, బారికేడ్ లోపల. పోస్టు సారాంశం ఇది: 1969లో అమెరికాలో ఉడ్‌స్టాక్ చేసింది నిన్న మన హైదరాబాద్ చేసింది, వేలమంది ఒక్కటైపోయారు, పాటకి కులం లేదు, కొత్త తరానికి కులం పట్టదు, కులం ఉన్నదల్లా దాని గురించి రోజూ మాట్లాడేవాళ్ళకే. చివరి వాక్యం ఎవరి కోసమో స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు. నాలుగు వందల లైకులు. అందులో నా విద్యార్థులవీ ఉన్నాయి.

సారూ, మీరు బారికేడ్ లోపల ఉన్నారు కాబట్టి మీకు కనపడని రెండు సంగతులు చెప్తాను.

ఒకటి. ఆ రాత్రి జనం అంతా ఒక్కసారిగా లేచింది ఎప్పుడో గుర్తుందా? గిటార్ సోలోకి కాదు. చివర్లో డ్రమ్మర్ ప్యాడ్ మీద తీన్మార్ కొట్టినప్పుడు. ఇంగ్లీషు పాటలకి తల మాత్రమే ఊపిన మైదానం మొత్తం నడుము ఊపింది అప్పుడే. ఆ దెబ్బ ఎక్కడిది? హైదరాబాద్ మర్ఫాది. నిజాం కొలువులో సైనికులుగా ఉన్న ఆఫ్రికా మూలాల సిద్దీలు ఈ నగరానికిచ్చిన వాద్యం అది. అది మన డప్పుతో కలిసి పెళ్ళిళ్ళకీ బోనాలకీ వినాయక నిమజ్జనాలకీ పాకింది. ఆ బ్యాండు కుర్రాళ్ళు ప్రతి పాటకీ ముందు ఎవరి ప్రభావమో చెప్పారు, ఏ లండన్ గ్రూపుకి నివాళో చెప్పారు. తీన్మార్‌కి మాత్రం ఎవరి పేరూ చెప్పలేదు. ఎవరిదీ కానిది కదా, గాలిలోంచి ఊడిపడింది!

రెండు. తాత్కాలిక మరుగుదొడ్ల వరస వెనక, లైట్లు సరిగా పడని చోట, నల్ల సంచులు పట్టుకుని ఓ పదిహేను మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. నేను అటు వెళ్ళినప్పుడు యాభై దాటిన ఒకమ్మ నా చేతికి నీళ్ళు పోసింది. మాట కలిపాను. పాలమూరు వైపు.

"పాట ఇంటున్నవా అమ్మా?" అన్నాను, ఆమె యాసలోకి దిగే ప్రయత్నం చేస్తూ.

"పాట యాడిది బిడ్డా. పొద్దుగాల ఆరింటికల్ల అంత సాఫ్ గావాలె. ఏడువందలిస్తరు." ఒక్క క్షణం ఆగి అంది: "ఇందాక డప్పు దెబ్బ ఇనబడ్డది. మనోళ్ళెవరో కొడుతున్నరనుకున్న. లేశి పోయి చూసిన. మిషిన్ మీద కొడుతున్నడు పిలగాడు."

పిల్లలొచ్చారా అని అడిగాను. నవ్వింది. కొడుకు వచ్చాడట. బయట పార్కింగ్‌లో టార్చిలైటు ఊపుతూ కార్లు సర్దుతున్నాడట.

ఆమె కులం నేనడగలేదు, నాది ఆమె అడగలేదు. "మనోళ్ళు" అన్న మాటలో రెండూ అయిపోయాయి. అంత పెద్ద మైదానంలో ఎవరూ ఎవరినీ కులం అడగకపోయినా, ఆ పదిహేను మంది సంచులు పట్టుకుని అక్కడికే ఎలా చేరారు? సారు దీనికి జవాబు చెప్పాలి.

ఇక ఉడ్‌స్టాక్. సారు ఆ పేరెత్తారు కాబట్టి నేను కూడా రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ చదివాను, సినిమాలు రెండూ మళ్ళీ చూశాను. రెండేంటి అంటారా? వస్తున్నా.

1969 ఆగస్టు 15న మొదలై 18 పొద్దునకి ముగిసింది. న్యూయార్క్ రాష్ట్రంలో బెథెల్ అనే ఊరు, మాక్స్ యాస్గర్ అనే ఆయన పాడి క్షేత్రం, ఆరు వందల ఎకరాలు. కంచె కట్టడం పూర్తి కాకముందే జనం వచ్చేశారు. చివరికి టికెట్లు అడిగేవాడు లేక అందరికీ ఉచితం అయిపోయింది. నాలుగు లక్షల పైచిలుకు మంది. వాన, బురద, తిండి చాలకపోతే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పంపిన రొట్టెలూ గుడ్లూ. ఇదంతా గొప్పదే. నేను కాదనను. అంతమంది మూడు రోజులు కొట్టుకోకుండా ఉండటం చిన్న సంగతి కాదు.

దాన్ని మొదలుపెట్టింది ఎవరు? రిచీ హేవెన్స్, ఒక నల్లవాడు. మిగతా గాయకులు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతే ఇతన్ని ముందు ఎక్కించారు. తెచ్చుకున్న పాటలన్నీ అయిపోయినా ఇంకా పాడమన్నారు. బానిసత్వం నాటి నల్లవాళ్ళ పాటనొకదాన్ని పట్టుకుని, స్వేచ్ఛ అనే ఒక్క మాట చుట్టూ అక్కడికక్కడే అల్లాడు. ఆఖరున సోమవారం పొద్దున జిమీ హెండ్రిక్స్, ఇంకో నల్లవాడు, గిటార్ మీద అమెరికా జాతీయగీతాన్ని చీల్చి చెండాడాడు. అప్పటికి మైదానంలో మిగిలింది పదో వంతు జనం కూడా కాదు. మొదలూ చివరా నల్లవాళ్ళే. మధ్యలో ఉన్న జనాన్ని మాత్రం సినిమాలో చూడండి, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని నల్ల మొహాలు.

మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఆరంభంలో స్వామి సచ్చిదానంద ప్రవచనం, ఆ రాత్రి వానలో రవిశంకర్ సితార్. రవిశంకర్‌కి ఆ అనుభవం నచ్చలేదు. బురదలో ఉన్న ఆ జనాన్ని చూస్తే మన దేశంలో బురదలో పడుకునే బర్రెలు గుర్తొచ్చాయని ఆత్మకథలో రాసుకున్నారు. చదివి నవ్వొచ్చింది నాకు. బర్రె అంటే తిట్టు అనుకునే ఇంట్లో పుట్టడం ఒకటి, బర్రె పాలు అమ్ముకుని ఫీజు కట్టుకోవడం ఇంకొకటి. కంచ ఐలయ్య గారు 2004లో 'బఫెలో నేషనలిజం' అని పుస్తకం ఊరికే వేయలేదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. 1970లో వచ్చిన ఉడ్‌స్టాక్ సినిమాలో ఒక మరుగుదొడ్డి శుభ్రం చేసే మనిషి ఉన్నాడు. ఆ నాలుగు లక్షల మందికి ఆరు వందల తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టారంటారు. వాటిలో పనిచేస్తున్న మనిషిని కెమెరా పట్టుకుంటుంది. ఆయన నవ్వుతూ చెప్తాడు: ఈ పిల్లల కోసం చెయ్యడం సంతోషమే, నా కొడుకు కూడా ఇక్కడే ఉన్నాడు, ఇంకో కొడుకు వియత్నాంలో హెలికాప్టర్ నడుపుతున్నాడు అని. చూసినవాళ్ళందరికీ ఆ సన్నివేశం గుర్తుంటుంది. హాల్లో నవ్వారు, మెచ్చుకున్నారు. ఆ సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది. చాలామందికి తెలియంది ఏంటంటే ఆ మనిషి కోర్టుకి వెళ్ళాడు. తన అనుమతి లేకుండా, తనని నవ్వులాటకి వాడుకున్నారని. కింది కోర్టు విచారణ లేకుండానే కొట్టేస్తే, 1973లో పై కోర్టు ఆ తీర్పుని తోసిపుచ్చి విచారణ జరపాల్సిందే అంది.

సారూ, మీరు ఉడ్‌స్టాక్ అన్నారు కదా. ఆ దొడ్లు కడిగినాయన కొడుకు ఆ జనంలో ఉన్నాడు, పాట వింటూ. నిన్నటి మన మైదానంలో సంచి పట్టుకున్న అమ్మ కొడుకు పార్కింగ్‌లో ఉన్నాడు, టార్చి ఊపుతూ. మీ పోలిక ఇక్కడే తెగిపోయింది. అమెరికాలో ఆ పని ఒక ఉద్యోగం. చెడ్డ ఉద్యోగం, కానీ పుట్టుకతో నుదుటికి అంటించిన ఉద్యోగం కాదు. మన దగ్గర 2013లో చట్టం చేసుకుని కూడా మ్యాన్‌హోల్‌లోకి ఎవరు దిగుతున్నారో పేపర్లో పేర్లు చూస్తే చాలు.

అలాగని అమెరికా స్వర్గం అనుకునేరు. రెండో సినిమా అందుకే చూడమంటాను.

అదే 1969 వేసవి. ఉడ్‌స్టాక్‌కి సుమారు వంద మైళ్ళ దూరంలో, న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో, మౌంట్ మోరిస్ పార్కులో ఇంకో పాటల జాతర జరిగింది. హార్లెమ్ కల్చరల్ ఫెస్టివల్. జూన్ 29 నుంచి ఆగస్టు 24 మధ్య ఆరు ఆదివారాలు. టికెట్ లేదు. అన్నీ కలిపి మూడు లక్షల మంది వచ్చారంటారు. స్టీవీ వండర్, మహాలియా జాక్సన్, బి.బి. కింగ్, నీనా సిమోన్. బెథెల్ బురదలో తెల్ల పిల్లలు స్వేచ్ఛ గురించి పాడుకుంటున్న ఆ ఆగస్టు 17 ఆదివారమే, ఇక్కడ నీనా సిమోన్ తన జనం ముందు నిలబడి మీరు సిద్ధమేనా అని నిలదీస్తోంది. జులై 20న మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు, ఆ రోజూ ఈ పార్కు నిండే ఉంది. టీవీవాళ్ళు వచ్చి చంద్రుడి సంగతేంటని అడిగితే, ఆ డబ్బుతో ఇక్కడి ఆకలి తీర్చొచ్చుగా అన్నారు జనం. ఒక రోజు బందోబస్తుకి బ్లాక్ పాంథర్ పార్టీవాళ్ళు నిలబడ్డారు. ఆ పాంథర్ల పేరే మూడేళ్ళకి, 1972లో, బొంబాయిలో మనవాళ్ళు దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నారు.

ఇదంతా హాల్ టల్చిన్ అనే ఆయన వీడియో తీశాడు. నలభై గంటల రీళ్ళు. ఆ ఏడాది కొంత భాగం టీవీలో వేశారు. తర్వాత సినిమాగా తీద్దామని ఆయన తిరగని చోటు లేదు. నల్లవాళ్ళ ఉడ్‌స్టాక్ అని పేరు పెట్టి అమ్మజూపినా ఎవరూ కొనలేదు. రీళ్ళు ఇంటి బేస్‌మెంట్‌లో పడి ఉన్నాయి. ఎన్నాళ్ళు? సుమారు యాభై ఏళ్ళు. క్వెస్ట్‌లవ్ అనే నల్లజాతి సంగీతకారుడు వాటిని బయటికి తీసి 'సమ్మర్ ఆఫ్ సోల్' అని 2021లో సినిమా చేస్తే తప్ప, అలాంటిదొకటి జరిగిందని ఈ తరానికి తెలియలేదు. 2022లో దానికీ ఆస్కార్ వచ్చింది. టల్చిన్ అప్పటికి లేడు.

ఇందులో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది. స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ అనే బృందం. నలుపూ తెలుపూ, ఆడా మగా కలిసి ఉన్న బ్యాండు. వాళ్ళు ఆ వేసవిలో రెండు చోట్లా పాడారు. అదే బ్యాండు, అదే వేసవి, ఇంచుమించు అవే పాటలు. బెథెల్‌లో పాడింది మరుసటేడే ప్రపంచమంతా చూసింది, ఒక తరానికి గుర్తుగా నిలిచిపోయింది. హార్లెమ్‌లో పాడింది బేస్‌మెంట్‌లో బూజు పట్టింది. పాట ఒకటే కదా సారూ, పాటకి రంగు లేదు కదా. మరి ఒకదానికి ఆస్కారూ ఇంకొకదానికి బేస్‌మెంటూ ఎందుకొచ్చాయి?

మన బేస్‌మెంట్లు లెక్క తీస్తే ఈ వ్యాసం చాలదు. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో గద్దర్ పాట వినడానికి రెండు లక్షల మంది వచ్చారంటారు. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరా రాత్రుళ్ళకి రాత్రుళ్ళు ఆరుబయట జనాన్ని నిలబెట్టింది. డప్పు, గజ్జె, గొంగడి. ఆ జనంలో కూడా అన్ని కులాలూ ఉన్నాయి. వాటిని ఉడ్‌స్టాక్ అని ఏ సారూ పోస్టు పెట్టలేదే? అవి రాజకీయం. అవి వెనకబాటు. గిటార్ ఉంటేనే విశ్వమానవత. (నా పరిశోధనప్పుడు పాత క్యాసెట్ల కోసం తిరిగి తిరిగి, బూజు పట్టి టేపు తెగిపోయినవి అట్టపెట్టెల్లో చూసి ఏడ్చిన రోజులున్నాయి. అది ఇంకో వ్యాసం.)

"కులం లేదు" అన్న మాటతో నాకు పేచీ లేదు. 2018 జనవరి 6న చెన్నైలో పా. రంజిత్ పూనికతో ఒక బ్యాండు మొదటిసారి స్టేజీ ఎక్కింది. గానా పాట, ర్యాప్, రాక్, పరై అన్నీ కలిపిన పంతొమ్మిది మంది. వాళ్ళు తమకి పెట్టుకున్న పేరే 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్'. వందేళ్ళ కిందట అయోతీ దాస్ వాడిన మాటలోంచి తీసుకున్న పేరది. వాళ్ళు కులం లేనివాళ్ళం అన్నప్పుడు, కులం గురించి, రిజర్వేషన్ గురించి, పశుమాంసం గురించి గొంతెత్తి పాడుతూ అన్నారు. మావాడు మూడు గంటలు నన్నెవరూ అడగలేదు అన్నప్పుడు ఊపిరి పీల్చుకుంటూ అన్నాడు. మా సారు అదే మాట అన్నప్పుడు మాత్రం, నోర్ముయ్యండి అని వినపడింది నాకు. లైకులు కొట్టిన నా పిల్లలు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ వినాలి.

ఇక ఇంటి సంగతి. ఈ నెలాఖరున మా కాలేజీ వార్షికోత్సవం. సారూ నేనూ ఇద్దరం కల్చరల్ కమిటీలో ఉన్నాం. పోయినేడు లెక్కలు నా దగ్గరున్నాయి. రాత్రి బ్యాండుకి రెండు లక్షల ఎనభై వేలు, సగం అడ్వాన్సు. డప్పు బృందం ఎనిమిది మందికి కలిపి ఎనిమిది వేలు, అదీ మూడు వారాలు తిప్పించుకుని. బ్యాండు పేరు ఫ్లెక్సీ మీద ఉంది. డప్పుబృందం పేరు ఎక్కడా లేదు. వాళ్ళ పని ఏంటంటే, ముఖ్య అతిథి కారు దిగిన దగ్గర్నుంచి స్టేజీ మెట్ల దాకా, ఆయన మొహం చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తూ కొట్టడం. మెట్ల దగ్గర ఆగిపోవాలి. పైకి ఎక్కకూడదు.

మా నాన్న అలా వెనక్కి నడిచినవాడే. ఊళ్ళో చావైతే పిలుపొచ్చేది, పెద్దమనిషి వస్తే పిలుపొచ్చేది. నేను డప్పు ముట్టుకుంటే కొట్టేవాడు, పుస్తకం ముట్టుకోమనేవాడు. లెక్చరర్ అయ్యాక మొదటి జీతం తీసుకెళ్ళిన రోజు దాన్ని అటక ఎక్కించాడు. ఆ డప్పుని నేనిప్పుడు దించాలంటే ఆయన ఒప్పుకోడు. ఆయన కోపం నాకు అర్థమవుతుంది. నా కోపం ఆయనకి అర్థం కావడానికి కొంచెం టైం పడుతుంది.

పోయిన మంగళవారం మీటింగులో నేనడిగింది ఇంతే: డప్పు బృందం గేటు దగ్గర కాదు, స్టేజీ మీద, రాత్రి బ్యాండుకి ముందు నలభై నిమిషాలు. ఫ్లెక్సీ మీద పేర్లు. డబ్బు అదే రాత్రి చేతిలో. గ్రౌండ్ ఊడ్చే అమ్మలకి ముందు వరసలో కుర్చీలు, వాళ్ళ భోజనం మన భోజనంతో పాటే.

కుర్చీల దగ్గర ఎవరూ నోరెత్తలేదు, మాట మార్చారు. స్టేజీ దగ్గర మాత్రం బోలెడు అభ్యంతరాలొచ్చాయి. ఒక మేడం "గెస్టులుంటారు కదా, చావు డప్పులా ఉంటుందేమో" అన్నారు. పాటకి కులం లేదన్న సారు ఆ మాటకి తల ఊపారు. నేను ఆయన్నే చూస్తున్నాను, గట్టిగానే ఊపారు. తర్వాత ఆయనే అసలు సమస్య కనిపెట్టారు: "డప్పు కాచుకోవాలి కదండీ, స్టేజీ వెనక మంట వేస్తారా? ఫైర్ సేఫ్టీ సంగతి?" పోయినేడు బ్యాండువాళ్ళు స్టేజీ మీదే నిప్పురవ్వలు చిమ్మే మిషన్లు నాలుగు పెట్టారు. వాటికి ఎవరి సంతకం అడిగారో ఫైల్లో వెతికాను. దొరకలేదు.

నిర్ణయం గురువారానికి వాయిదా పడింది. మధ్యాహ్నం రెండున్నరకి, సెమినార్ హాల్లో. విద్యార్థి ప్రతినిధులు కూర్చోవచ్చని రూల్ ఉంది, చూశాను. రండి.

నిన్న రాత్రి మావాడు, అదే, మూడు గంటలవాడు, మెసేజ్ పెట్టాడు. వాళ్ళ మేనమామ దగ్గర చిన్నప్పుడే డప్పు నేర్చుకున్నాడట. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదట. "మేడం, స్టేజీ మీదైతే నేనూ కొడతా. గేటు దగ్గరైతే రాను."

ఫైర్ సేఫ్టీ కోసం రెండు బకెట్ల ఇసుక, రెండు బకెట్ల నీళ్ళు నేనే పెట్టిస్తానని రాసిచ్చాను. వరిగడ్డి రెండు మోపులు కావాలి. శివారు ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఎవరైనా తేగలిగితే చెప్పండి. ఎండుగడ్డే తేవాలి. తడిదైతే పొగొస్తుంది.

జై భీమ్.